నల్లబట్ట మీద పసుపు దారం

మా చిన్నప్పుడు... బోధన్‌లో మా ఇంటి ముందర కూర్చుని అవ్వ బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో నల్లబట్ట. మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. తునికాకు మీద పసుపు దారం కొస కలిసిపోతే కళ్లు గుంజుతాయని, నల్లదాని మీదైతే హాయిగా కనిపిస్తుందని ఆ బట్ట పరుచుకునేది. పాత లంగా చింపిన ముక్క... ఉతికి ఉతికి మెత్తబడిపోయింది.

మా అక్క సుజాతకు చదువంటే పిచ్చి. కిరాణా పొట్లం విప్పినా ముందు ఆ కాగితం చదివేది. కానీ తెల్ల కాగితం చూస్తే చాలు, ఆమె కళ్లు నీళ్లు కారేవి. ఎండలో పుస్తకం తెరిస్తే అక్షరాలే కనిపించవు అనేది. బద్ధకానికి సాకులు చెబుతోందని బళ్లో తిట్లు కూడా తిన్నది పాపం.

బాపు నిజామాబాద్ తీసుకుపోయి కంటి డాక్టరుకు చూపించాడు. నేనూ వెంట పోయాను. కంటి లోపలి పొర అరిగిపోతోందట... మందు లేదట. "కనవడ్డన్ని రోజులు సదువుకోనియ్యి" అన్నాడు డాక్టరు. తిరుగు బస్సులో బాపు కిటికీలోంచి చెరుకు తోటల వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఏడే పుస్తకం చూడలేక అక్క బడి మానేసింది. బస్టాండ్ దగ్గర సలీం భాయ్ నెట్ సెంటర్‌లో పనికి కుదిరింది. పొద్దున్నే షట్టర్ తీయడం, ఊడవడం, కంప్యూటర్లు తుడవడం. గిరాకీ వచ్చేదాకా ఏదో ఒక కంప్యూటర్ ముందు కూర్చునేది. అక్కడా అదే బాధ. తెల్లటి పేజీ తెరుచుకోగానే మొహం పక్కకు తిప్పుకునేది.

ఒకరోజు ఇంటికి వస్తూనే నన్ను పక్కకు పిలిచింది. "అవ్వ నల్లబట్ట ఎందుకు పరుస్తదో ఇయ్యాల మంచిగ ఎరుకైంది చెల్లె" అన్నది. మర్నాడు బడికి పోతూ నేను సెంటర్‌కు పోతే చూపించింది. బ్రౌజర్ సెట్టింగుల్లో ఎక్కడో మూలకు రంగులు మార్చుకునే చోటు ఉంది. పేజీ అంతా నలుపు. అక్షరాలు అవ్వ దారం రంగు... అచ్చంగా ఆ పసుపే వెతికి పెట్టింది. అక్షరాలు కూడా బాగా పెద్దవి చేసుకుంది.

ఇక చూడాలి మా అక్కను... నెట్‌లో వచ్చే పేపర్ మొత్తం చదివేది. పసుపు ధరలు, పెళ్లి ప్రకటనలు, ఎవరో తెలియని వాళ్ల చావు కబుర్లు కూడా వదిలేది కాదు. కళ్లు నీళ్లు కారకుండా ఆమె చదవడం నేను చూసింది అప్పుడే.

కానీ గిరాకీ ఊరుకోదు కదా. రిజల్ట్ చూసుకుందామని వచ్చినాయన ఆ నల్ల పేజీ చూసి "భాయ్, దీంట్ల వైరస్ వడ్డది" అని లేచి ఎదురు సెంటర్‌కు పోయిండట. సలీం భాయ్ కోప్పడలేదు. "నీకెట్ల కావాల్నో గట్ల సదువుకో బేటా... లేసేటప్పుడు మాత్రం తెల్లగ చేసి లెవ్" అన్నాడు.

అప్పటినుంచి అదే పని. పొద్దున వచ్చి నల్లగా మార్చుకోవడం, లేచే ముందు మళ్లీ తెల్లగా చేసిపెట్టడం. అలా తెల్లబడినప్పుడు అక్క కళ్లు గట్టిగా మూసుకునేది.

రోజులు గడిచేకొద్దీ అక్షరాలు పెరుగుతూ పోయాయి. మొదట తెర నిండా వార్త పట్టేది. తర్వాత నాలుగు లైన్లు. ఆ తర్వాత ఒకటో రెండో మాటలు. నేను చిన్నదాన్ని... గోడమీద రాతల్లా ఉన్నాయని నవ్వేదాన్ని. అక్క కూడా నవ్వేది.

చెరుకు లారీలు తిరిగే రోజుల్లో ఒక పొద్దున నేను వెళ్లేసరికి అక్క లేచి కుర్చీలు తుడుస్తోంది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"అక్కా, తెల్లగ చేయలే" అన్నాను.

"నువ్వు చెయ్యి చెల్లె" అన్నది.

"నువ్వే చెయ్యరాదు..."

"ఏడ నొక్కాల్నో కనవడ్తలేదు" అన్నది మెల్లగా. తుడవడం మాత్రం ఆపలేదు.

నేనే కూర్చుని తెల్లగా మార్చాను. సలీం భాయ్ గల్లా దగ్గర నుంచి అంతా చూశాడు. మర్నాటి నుంచి మూలన ఉన్న ఆ కంప్యూటర్‌ను నల్లగానే ఉంచాడు, దాని మీద గిరాకీని కూర్చోబెట్టలేదు. అక్క మళ్లీ దాని ముందు కూర్చోలేదు.

ఇప్పుడు ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే చాలు, అంతా నల్లబడుతుంది. కొత్త ఫోన్ కొనగానే స్టైల్ కోసం పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ రోజుల్లో మా అక్క దాని కోసం సెట్టింగులన్నీ గాలించింది... కొన్నాళ్లే వాడుకుంది.

అవ్వ పోయాక చాట అక్కదైంది. వేళ్లతోనే ఆకు చుట్టి దారం కడుతుంది. నల్లబట్ట ఇప్పుడు చాటలో లేదు. పక్కన ఫోన్ పేపర్‌ను పైకి చదువుతుంటే వింటూ చుడుతుంది. నేను రాసే పోస్టులు కూడా వింటుంది.

నిజామాబాద్ నుంచి నేను పోయిన ప్రతిసారీ అడుగుతుంది, "నీకు తెల్లదాని మీద మంచిగనే కనవడ్తున్నదా చెల్లె?" అని. "ఆఁ, కనవడ్తున్నది" అంటాను. ఆమె మొహం చూస్తూ నిజం చెప్పడం నా వల్ల కావడం లేదు.

మీ ఇళ్లలో కూడా ఎవరికోసమో అక్షరాలు పెద్దవి చేసిన రోజు ఉండే ఉంటుంది... గుర్తొస్తే కింద రాయండి. నేను చదువుతాను, కాస్త ఆలస్యమైనా.

అక్కా... ఇది వింటున్నావు కదా. దీన్ని నల్లదాని మీద పసుపు అక్షరాలు పెట్టుకుని రాశాను. బాగా పెద్దవి చేసుకుని.