కాగితంలో లేని కొండ

పేరు లేని కొండ కంటపడితే పల్లంరాజు గారికి అన్నం సయించదు. పాపికొండలకు వెళ్లే లాంచీలో మైకు ఆయనదే. గోదావరి కొండల మధ్య పాపిడి తీసినట్టు సాగుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని అందరూ చెప్పే మాటే ఆయనా చెబుతారు. కానీ అక్కడితో ఆగరు.

"ఇన్ని కొండలకీ కలిపి ఒకటే పేరేంటండీ? ఇంటినిండా పిల్లలుంటే అందర్నీ ఇంటిపేరుతోనే పిలుస్తామా?"

అంచేత కనబడ్డ గుట్టకల్లా బారసాల చేసేశారు. బోర్లించిన గుండిగలా ఉన్నది గుండిగ కొండ. మొహం పక్కకు తిప్పుకున్నట్టుండేది అలిగిన అల్లుడి కొండ.

"అల్లుడెందుకు అలిగాడండీ?"

"పులస పులుసు పెట్టలేదండి!"

మర్నాటికి అది పూతరేకుల మీద అలక అయ్యేది. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారు. లాంచీ యజమాని మాత్రం నవ్వలేదు.

"రేపు టూరిజం ఆఫీసరు గారొస్తున్నారండి. కాగితంలో ఉన్నదే చదవండి. ఇంకో పేరు వినబడిందంటే మైకు వేరేవాళ్లకిచ్చేస్తాను."

మర్నాడు ఆయన బుద్ధిగా కాగితమే చదివారు. గుండిగా, అల్లుడూ అనామకుల్లా వెనక్కి వెళ్లిపోయారు. మలుపు తిరగ్గానే నల్లకొండ ఒకటి వచ్చింది. లాంచీ చివర సూరమ్మ లేచి, కొంగుముడిలోంచి బంతిపూలు తీసింది.

నాలుగేళ్ల కిందట వరదలో ఆమె మొగుడు లోవరాజు తన చేపల పడవలో ఏడుగురిని గట్టెక్కించాడు. ఎనిమిదో మనిషి కోసం వెళ్లి తిరిగి రాలేదు. శవమైనా దొరకలేదు. మొగుడి కోసం ఏడవడానికి సూరమ్మకు జానెడు చోటు లేకపోయింది. అందుకే పల్లంరాజు గారు ఆ కొండకు అతని పేరు పెట్టారు. ఆ ఒక్కదానికే పెడితే జాలిపడ్డారనుకుంటుందని, మిగతా కొండలన్నిటికీ పెట్టారు. ఏటా ఈ రోజున ఆమె లాంచీ ఎక్కి, మైకులో ఆ పేరు వినబడ్డాక పూలు వదులుతుంది.

ఇప్పుడు పూలు చేతిలోనే ఉన్నాయి. ఆమె మైకు వైపే చూస్తోంది.

పల్లంరాజు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇది లోవరాజు కొండండి. ఏడుగుర్ని బతికించిన మనిషి పేరండి."

ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు గారు పుస్తకం తెరిచారు.

"మ్యాపులో ఉందా?"

"లేదండి."

"ఎత్తెంత?"

"కొండ సంగతి తెలీదండి. మనిషి మాత్రం ఆరడుగుల మూడంగుళాలండి!"

పూలు వదులుతున్న సూరమ్మ కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగింది.

"అయిదున్నరేనండి, అన్నయ్యగారూ. ఏటేటా మీరే పెంచేస్తున్నారు."

ఆఫీసరు గారు కళ్లద్దాలు తుడుచుకుని, 'లోవరాజు కొండ, అయిదున్నర' అని రాసుకున్నారు.