దీవెనమ్మ గొంతు తగ్గిన ఆదివారం

మునగపాక చర్చిలో దీవెనమ్మ ప్రార్థనకు లేచిందంటే మైకు అక్కర్లేదు. దేవుడు రైల్వే స్టేషన్లో అవతలి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడేమో అన్నట్టు పిలుస్తుంది. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి కోడలికి నెలలు నిండినా సంఘం తరఫున మనవి చేసేది ఆమే. ఒక్క ముక్క వదలదు. దేవుడికి వివరంగా చెబితేనే పని సవ్యంగా అవుతుందని ఆమె నమ్మకం. రోజంతా అనకాపల్లి బెల్లం మార్కెట్లో వేలంపాటల కేకల మధ్య దిమ్మలు సర్దే మనిషికి మెల్లగా మాట్లాడటం ఎక్కడ అలవాటవుతుంది?

ఆ గొంతే 2004 జూన్‌లో ఆమె కొంప ముంచింది.

మనవరాలు ఫెబా ఊళ్లో అయిదో తరగతి పూర్తిచేసి, ఇంగ్లీషు మీడియం కావాలని తనే పట్టుబట్టి అనకాపల్లి బడిలో ఆరులో చేరింది. కొడుకు జాన్ బాబూ కోడలూ తెల్లారకుండానే పనులకు పోతారు. అందుకని షేర్ ఆటోలో పిల్లను తీసుకెళ్లి, గేటు దగ్గర దింపి, తను మార్కెట్టుకు వెళ్లడం దీవెనమ్మ వంతయింది. తీరా చూస్తే గేటు కనబడగానే పిల్లకు వణుకు. తిన్న ఇడ్లీ అక్కడే కక్కేసేది. ఒక సాయంత్రం మామ్మ ఒళ్లో తల పెట్టుకుని అసలు సంగతి చెప్పింది. టీచరు ఇంగ్లీషులో ఏదో అడిగితే నోరు పెగల్లేదట. భయానికి క్లాసులోనే స్కర్టు తడిసిపోయిందట. అమ్మకు కూడా చెప్పొద్దంది. దేవుడికి ఒక్కడికే చెబుతాలే అంది దీవెనమ్మ.

చెప్పింది. ఆదివారం నిండు సంఘం ముందు, స్కర్టు సంగతితో సహా, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఫెబా బుగ్గలు నిమిరారు. సోమవారం ఆటోలో, అదే బడికి వెళ్లే చర్చి పిల్లలిద్దరు ఫెబాను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు.

గేటు దగ్గర ఫెబా ఆటో దిగలేదు. దీవెనమ్మ బతిమాలింది, కోప్పడింది. చివరికి పిల్ల నోరు విప్పింది.

“నీకు సెప్పేను మామ్మా. అందరికీ ఎందుకు సెప్పీసేవు?”

“దేవుడికే సెప్పేనే తల్లీ.”

“ఆయనకి సెవుడా?”

దీవెనమ్మ ఆటోను ముందుకు పోనిమ్మంది. పిల్లను మార్కెట్టుకే తీసుకెళ్లి గోనెసంచుల మీద కూర్చోబెట్టింది. ఆ వారమంతా అంతే. ఇంకొన్నాళ్లు చూసి ఊరి బడికే మార్చేద్దామన్నాడు జాన్ బాబు. బడి పోతే పోయింది, పిల్ల మామ్మతో ఒక్క మాటా పంచుకోవడం మానేసింది. అది దీవెనమ్మను కోసేసింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. పాస్టరుగారు ఎప్పటిలాగే ఆమెను ప్రార్థన చేయమన్నారు. దీవెనమ్మ లేచి చెంగు తల మీదికి లాక్కుంది. పెదాలు కదులుతున్నాయి, గొంతు మాత్రం రాలేదు. జనం మొహమొహాలు చూసుకున్నారు. తర్వాత ఒకావిడ మిరియాల పాలు తాగమని సలహా కూడా ఇచ్చింది. పక్కనే ఉన్న ఫెబా మాత్రం కళ్లు మూసుకోకుండా మామ్మ పెదాలనే చూస్తూ కూర్చుంది.

సోమవారం ఎవరూ చెప్పకుండానే పిల్ల సంచి తగిలించుకుని ఆటో ఎక్కింది. గేటు దగ్గర మళ్లీ వణుకు మొదలైంది. దీవెనమ్మ వంగి, చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసగా ప్రార్థన మొదలెట్టింది.

“ఇనపడటం లేదు మామ్మా,” అంది ఫెబా. “కొంచెం గట్టిగా సెయ్యి. నాకు ఇనపడేటంత.”

దీవెనమ్మ సరిగ్గా ఆ చెవికి అందేటంత గొంతుతో అంది.

“అయ్యా, నేను గేటు కాడే ఆగిపోవాలి. నువ్వు దానితో లోపలికెల్లు.”

ఫెబా ఆమెన్ అని లోపలికి నడిచింది. ఆలస్యమైనందుకు దీవెనమ్మ మార్కెట్లో చీవాట్లు తింది.

సాయంత్రం ఆటోలో పిల్ల మామ్మను కిందికి లాగి, చెవిలో ఏదో సంగతి చెప్పింది. అదేమిటో దీవెనమ్మ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.