మూడో సమ్మతి

తాను నేర్పిన పిల్ల తనను దాటిపోతుంటే ఓర్వలేక, హనుమేష్ ఆమె నోటికాడి కూడు తీసినాడని నందికొట్కూరులో చెప్పుకుంటారు.

అతనిది బస్టాండు పక్కన జిరాక్స్ అంగడి. గిరాకీ లేనప్పుడు కంప్యూటరు ముందు కూర్చునేవాడు. పైరేదో, బోరులో నీళ్ళెన్నో చెబితే మోటరు ఎన్ని గంటలు వేయాలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఓపెన్ సోర్స్‌ది, అంటే ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు కొందరు కలిసి దాన్ని రాస్తారు. కొత్త వర్షన్ విడుదల కావాలంటే ముగ్గురు తమ దగ్గర నడిపి చూసి సమ్మతించాలి. ఎవరు చేసింది వాళ్ళే ఒప్పుకుంటే చెల్లదు. సమ్మతికి పెట్టాక మూడు రోజులు ఆగితేనే విడుదల. మధ్యలో ఏది మార్చినా ఆ మూడు రోజులు మళ్ళీ మొదలు. ఆ ముగ్గురిలో హనుమేష్ ఒకడు.

వెనకవీధి భువనకు ఈ పని నేర్పింది అతనే. అంతవరకూ గంటలు చెప్పి, ఎన్ని అయ్యాయో లెక్కపెట్టడమే ఆ సాఫ్ట్‌వేర్ పని. మోటరును అదే వేసి, అదే ఆపేటట్టు ఆమె చేసింది. సోమవారానికి విడుదలైతే కడపలో ఒక సంస్థ ఆమెకు ఉద్యోగం ఖాయం చేస్తామంది. శుక్రవారం ఆమె దాన్ని సమ్మతికి పెట్టింది. శనివారానికి బెంగళూరు నుంచి ఒకటి, హైదరాబాదు నుంచి ఒకటి సమ్మతులు వచ్చాయి.

ఆదివారం పొద్దున హనుమేష్ అంగడి మూసి, దాన్ని నడిపి చూడడానికి సుంకప్ప అనే రైతు చేనికి పోయాడు. భువన కూడా వెంట పోయింది. మోటరు రెండు గంటలు నడిచేటట్టు పెట్టారు. గంటన్నరకు కరెంటు పోయింది. కాసేపటికి వచ్చింది. మోటరు మిగిలిన అరగంట కాక, మళ్ళీ మొదటినుంచి రెండు గంటలు లెక్కపెట్టుకుంది.

"ఏమప్పా, నీ సాఫ్టువేరుకు నా బోరే దొరికిందా?" నవ్వాడు సుంకప్ప. "ఈడ కరెంటు మా అల్లుని మాదిరి. చెప్పి రాదు, చెప్పి పోదు."

కాసేపటికి పైపులో నీళ్ళు ఎర్రబడ్డాయి, తర్వాత గాలి కక్కింది. సుంకప్ప ఉరికి స్టార్టరు ఆపేశాడు. మళ్ళీ నవ్వలేదు.

గట్టు మీద భువన అడిగింది. "ఇప్పటికి ఓకే కొట్టన్నా. వచ్చే వారం సరిచేస్తాం. రేపు దాటితే నా ఉద్యోగం పాయె."

"ఇట్లాంటి బోర్లు యాడెన్ని ఉండాయో. ఎండితే నువ్వూ నేనూ నీళ్ళు పోయగలమా పాపా?"

"తప్పు యాడుండాదో అదన్నా చెప్పు."

అతను ఆమె వైపు చూడకుండా గట్టు దిగాడు. "రాసిపెడతాలే," అన్నాడు.

సాయంత్రం ఫోనులో సాఫ్ట్‌వేర్ పేజీ తెరిచి, హనుమేష్ రాసిన 'సమ్మతించను' అన్న మొదటి మాట చూసి భువన మూసేసింది. తన పనిలో తప్పు పట్టడానికే చేనిదాకా పోయినాడని అమ్మతో అంది. అమ్మ కొళాయి దగ్గర అంది. అక్కడినుంచి ఆ మాట అందరిదైంది.

పది రోజులకు, భువన చేయి పెట్టకుండానే, సరిచేసిన వర్షన్ విడుదలైంది. కడప ఉద్యోగం అప్పటికే ఇంకెవరికో పోయింది. భువన బట్టల అంగడిలో చేరింది. హనుమేష్ సమ్మతి తెలిపేవాళ్ళ జాబితాలోంచి తన పేరు తానే తీసేసుకున్నాడు. అంగడి ముందు నుంచి పోయేటప్పుడు ఆమె తల తిప్పుకునేది. అతను పిలిచేవాడు కాదు.

ఆరు నెలలకు, ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ, తాను చేసిన పని చూపించడానికి ఆమె ఆ పేజీ తెరిచింది. 'సమ్మతించను' కింద ఇంకో నాలుగు వరుసలున్నాయి. భువన చేసిన భాగంలో తప్పు లేదు. కరెంటు పోయి వస్తే లెక్క మొదటికి పోయే భాగం మూడేళ్ళ కిందటిది. ఆ భాగం రాసినవాడు హనుమేష్.