పుల్లెద్దు నిద్ర

మా మామ సుబ్బయ్యకు అనుమానం పుట్టడానికి కారణం అక్కర్లేదు. తాళం వేస్తాడు, లాగి చూస్తాడు, బస్సు ఎక్కబోతూ వెనక్కి వచ్చి మళ్లీ లాగి చూస్తాడు. మైదుకూరులో చెనక్కాయ పిండి కొంటే బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి ఇసుక కోసం దేవుతాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు పులుసులో ఉప్పు తగ్గింది. కోడలు ఏదో మనసులో పెట్టుకుందని మా ఆయన భూపేష్‌ను పక్కకు పిలిచి ఆరా తీశాడు. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినా నమ్మక, లేచి పోయి డబ్బా మూత తీసి చూసుకున్నాడు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అట్లాంటి మనిషి లోకంలో నమ్మింది ఒక్క పుల్లెద్దును. తిరునాళ్లలో బండలాగుడు పందేలకు అది దిగిందంటే పక్క ఊళ్ల వాళ్లు పనులు మానుకుని వచ్చేవాళ్లు. నిజానికి దాన్ని సాకింది మామ కాదు, మా పెద్దత్త రామసుబ్బమ్మ. ఆమె మామకు వదిన. మామ అన్న పోయినప్పటి నుంచి ఎదురింట్లో ఒంటరిగా ఉంటుంది. పుల్లెద్దు పుట్టిన రోజే దాని తల్లి చచ్చిపోతే, వేరే ఆవు పాలు సీసాతో తాగించి బతికించింది. అది అంత ఎద్దయినాక కూడా, మధ్యాహ్నం గిన్నెలో ఇన్ని ఉలవ గుగ్గిళ్లు తెచ్చి తన చేత్తో తినిపిస్తేనే ఆమెకు తోచేది.

పందేలు దగ్గర పడ్డాయి. ఒక మధ్యాహ్నం పెద్దత్త గుగ్గిళ్లు పెట్టి పోయిన కాసేపటికి మామ కొట్టంలోకి పోయాడు. ఎద్దు పడుకుని నెమరు వేస్తోంది. కళ్లు సగం మూతపడ్డాయి, మూతి నుంచి చొంగ కారుతోంది. పిలిస్తే చెవి కూడా తిప్పలేదు. మామ బయటికి వచ్చి, "కళ్లు తెరిచే ఉండాయి, అది మాత్రం లోపల లేదు," అన్నాడు.

అది ఎన్నో ఏళ్లుగా అట్లాగే నెమరు వేస్తోంది. పందెం దగ్గరపడి మనసు కుదురు తప్పాక గానీ మామ కంటికి అది ఆనలేదు. ఆనిన తర్వాత ఇక ఆగుతాడా? ఎద్దుకు మందు పెట్టారన్నాడు. గిట్టనివాళ్లు తిండిలో మందు కలిపి మనిషిని దేనికీ పనికిరాకుండా చేస్తారని మా వైపు ఒక నమ్మకం. దాన్ని కక్కించే వైద్యులు కూడా ఉన్నారు. మనుషులకు పెడతారని విన్నాం గానీ ఎద్దుకు పెడతారని మామ నోటనే విన్నాం. పెట్టిందెవరు? దాని నోటికి తిండి అందించేది ఒక్కరే.

మర్నాడు పెద్దత్త గిన్నెతో వచ్చేసరికి మామ కొట్టం గడపలో అడ్డంగా నిలబడ్డాడు. వీధిలో నలుగురూ వింటుండగానే అన్నాడు: "వదినా, ఇంక ఈడికి రావద్దు. నువ్వు పెట్టింది నా ఎద్దు తినదు."

పెద్దత్త గిన్నె మీద కొంగు కప్పుకుని వెనక్కి తిరిగింది. ఇది అన్యాయమని నేను మామ మొహానే అన్నాను. నీకూ ఇందులో పొత్తు ఉండాదా అని నన్నే ఎదురడిగాడు.

పాము కరిచిన మనిషిని మా ఊళ్లో నిద్రపోనివ్వరు. కునుకు పడితే విషం తలకెక్కుతుందంటారు. మందూ విషమే కాబట్టి ఎద్దుకూ అదే పద్ధతి అని మామ తేల్చేశాడు. పడుకోవడానికి గానీ తల వాల్చడానికి గానీ వీల్లేకుండా పలుపుతాడు గుంజకు పొట్టిగా బిగించాడు. రెప్ప వాలితే మొహాన నీళ్లు కొట్టడం, పళ్లెం వాయించడం. ఆయన అలసిపోతే భూపేష్‌కు వంతు. కొన్నాళ్లకే ఎద్దు మేత ముట్టడం మానేసింది, నెమరు ఆగిపోయింది, నిలబడితే మోకాళ్లు వణుకుతున్నాయి. అది చిక్కేకొద్దీ మామకు అనుమానం గట్టిపడింది. చూసినారా, మందు పని చేస్తాండాది అంటాడు.

చివరికి భూపేష్ ఆయనకు చెప్పకుండా పోయి పశువుల డాక్టరు శివానిని పిలుచుకొచ్చాడు. పశువులు నిద్రలో ఉన్నప్పుడూ మేలుకున్నప్పుడూ మెదడు ఎట్లా పనిచేస్తుందో చదువుతున్న పిల్ల. చిన్న పెట్టె, దాని నిండా వైర్లు, ఒక ల్యాప్‌టాప్ తెచ్చింది. మామ ముందు ఆమె ఊరూ పేరూ అడిగాడు, పెద్దత్త పుట్టింటి వైపు బంధువు కాదని రూఢి చేసుకున్నాడు. తర్వాత ఆ వైర్లేవో ముందు మా వానికి పెట్టి చూపించమన్నాడు. భూపేష్ బోర్లించిన గంప మీద కూర్చుని నుదుటికి వైర్లు అంటించుకున్నాడు. నేను కొట్టం వెనక్కి పోయి కడుపు పట్టుకుని నవ్వాను. కొడుకుకు ఏమీ కాలేదని చూసుకున్నాకే మామ ఎద్దు మీద చెయ్యి వెయ్యనిచ్చాడు.

ఎద్దు నుదుట వెంట్రుకలు గొరిగి బిళ్లలు అంటించారు. తెర మీద గీతలు సన్నగా, ఒత్తుగా, గబగబా పరుగెత్తుతున్నాయి. అది మెలకువ అంది శివాని. పలుపు వదులు చేయించి, పచ్చిమేత వేయించి, అందర్నీ దూరంగా కూర్చోబెట్టింది. ఎద్దు నాలుగు పరకలు తిన్నది. శానాసేపటికి దవడ మెల్లగా ఆడింది. రెప్పలు వాలాయి. గీతలు నిదానించి, ఎత్తుగా, వెడల్పుగా మారాయి.

"నెమరు వేసేటప్పుడు దాని మెదడు సగం నిద్రలోకి పోతుంది పెద్దాయనా," అంది శివాని. "కళ్లు తెరిచే ఉంటాయి, నోరు ఆడుతూనే ఉంటుంది. అది మందు కాదు, దాని విశ్రాంతి. గాఢనిద్ర పట్టాలంటే పడుకుని తల వాల్చుకోవాలి. మీరు రెండూ లేకుండా చేశారు."

మామ గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఎద్దు అదిరిపడింది, గీతలు ఒక్కసారిగా ఒత్తుగా అయ్యాయి. పరీక్ష చేస్తున్నాడన్న మాట. ఆ చేతులు విరగ్గొడదామన్నంత కోపం వచ్చింది నాకు. పెట్టె నిజమే చెప్తాండాదని ఏం నమ్మకం అని అడిగాడు. పెట్టెను నమ్మకపోయినా పర్లేదు, దాన్ని పడుకోనివ్వమంది శివాని.

పలుపు పూర్తిగా విప్పినా ఎద్దు పడుకోలేదు. మామ అడుగు కదిపితే చాలు, తల విదిలించి గోడకు ఒదుగుతోంది. భయం ఉన్నచోట పశువు నడుం వాల్చదని, ఇంకొంచెం ఇట్లాగే ఉంటే కూలబడి మళ్లీ లేవకపోవచ్చని శివాని చెప్పింది. దానికి బాగా అలవాటైన మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. అందరం ఎదురింటి వైపే చూశాం. మామ తలగుడ్డ తీసి చేత పట్టుకుని వీధి దాటాడు.

ఆ గుమ్మంలో ఏం చెప్పుకున్నాడో మాకు వినపడలేదు. పెద్దత్త వచ్చింది. కొట్టం గడపలో ఆగి రెండు చేతులూ చాపి మామకు చూపించింది. ఖాళీ చేతులు. మామ మొహం తిప్పుకున్నాడు, నాకు ఏడుపొచ్చింది.

ఆమె ఎద్దు పక్కన నిలబడి గంగడోలు నిమిరింది. ఎద్దు ఆమెను వాసన చూసి, ముంగాళ్లు మడిచి, నేల మీద పడిపోయినట్టు పడుకుంది. మెడ తిప్పి తల డొక్క మీద పెట్టుకుంది. కాసేపటికి మూసిన రెప్పల కింద కళ్లు కదిలాయి. తెర మీద గీతలు మళ్లీ ఒత్తుగా పరుగెత్తాయి.

"లేచిందా?" అన్నాడు మామ గుసగుసగా. లేవలేదని, అదే అసలైన నిద్రని, పశువులు కల కనేది కూడా అప్పుడేనేమోనని శివాని చెప్పింది.

మామ ఇంట్లోకి పోయి చెంబు నిండా మజ్జిగ తానే తెచ్చాడు. ఆయన ఒకరికి మంచినీళ్లు అందించగా కూడా నేనెప్పుడూ చూడలేదు. పెద్దత్త ముందు వంగి నిలబడి తాగమన్నాడు. ఆమె అందుకోలేదు.

"ఎద్దు లేచినాక తాగుతాలే సుబ్బయ్యా," అంది. "అది లేయకపోతే నీకు మళ్లీ నేనే కదా గుర్తొచ్చేది."

మామ చెంబును ఆమె పక్కన నేల మీద పెట్టాడు. ఆమె అన్నది నిజమని మాకందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు.