సున్నా మార్కుల సల్సా

నిరుడు జగదల్‌పూర్‌లో, మా రైల్వే కాలనీ సల్సా డ్యాన్సు జంటల పోటీకి నేనే జడ్జిని. ఫోన్‌లో చూసి, ఎనిమిది అంకెలు లెక్కపెడుతూ ముందుకూ వెనక్కూ అడుగేయడం సొంతంగా నేర్చుకున్నాను.

భేజ్జి అనే పల్లె నుంచి కాపురానికొచ్చిన లక్ష్మి భర్త చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఆడింది. పాట ఆపించాను.

"ఏందమ్మా, సల్సానా, మీ ఊరి పెళ్లి ఆటా? లెక్క చెబుతూ ఆడు!"

"లెక్క రాదు సార్. పాటింటే కాళ్లు అట్లనే తిరుగుతయి."

అందరూ నవ్వారు. "దిగవే, పరువు తీశావు," అన్నాడు భర్త. సున్నా వేశాను.

వారం తర్వాత, సల్సాకు మూలమైన క్యూబా వాళ్ల వీడియో చూశాను. అచ్చం లక్ష్మిలాగే తిరుగుతున్నారు. క్షమాపణ చెప్పడానికి వెళ్లాను.

"అప్పటిసంది మా ఆయన ఇంట్ల పాటే పెట్టనియ్యడు సార్," అని తలుపేసుకుంది.

నా లెక్కకందనిదల్లా తప్పే అనుకుని, ఒక మనిషి కాళ్లు కట్టేశాను.