ఎదురు పరామర్శలు

ఆ ఎండాకాలం మా ఇంటికి వచ్చినన్ని ఆపిల్ పండ్లు గద్వాల బజారులో కూడా ఉండి ఉండవు. మా ఆయన మెడ దగ్గర గడ్డలు క్యాన్సర్ అని తేలి, కర్నూలు దవాఖానలో మందు ఎక్కించడం మొదలైనప్పటి నుంచి చుట్టాలు విడతలు విడతలుగా వచ్చారు. వచ్చినవాళ్ళు ఆయన్ను ఒక్కసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నా వెనకాలే వంటింట్లోకి వచ్చేవాళ్ళు. "డాక్టర్ ఏమన్నడే?" అని గుసగుసగా అడిగేవాళ్ళు. మా ఇల్లు ఎంతని? గుసగుసలన్నీ మగ్గం గదిలో పడుకున్న మనిషికి వినిపించేవి.

మా ఆయన నర్సింహులు గద్వాల చీరలు నేస్తాడు. నేను ఒక చిన్న బడిలో మూడో తరగతికి చెప్తాను. సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను గానీ ఊపిరి సలపలేదు. మా అమ్మాయి స్వప్న పదో తరగతి రాసి ఇంటర్ గురించి రోజుకో మాట మార్చేది. మా అత్తమ్మ ఇంటిల్లిపాదికీ సరిపడా మామిడికాయ తొక్కు పెట్టించింది. వీటి మధ్య మూడు వారాలకోసారి కర్నూలు. మందు ఎక్కించిన మొదటి వారం వాంతులు, రెండో వారం నీరసం. మూడో వారానికి మనిషి మళ్ళీ మనిషయ్యేవాడు, పాటలు కూడా పాడేవాడు.

అట్లాంటి ఒక మూడో వారంలో, ఇంకో బుట్ట ఆపిల్ పండ్లు దిగిన సాయంత్రం, ఆయన లేచి కూర్చున్నాడు.

"అందరొచ్చి నన్ను చూసిపోయిన్రు. ఇగ మనం పోయి వాళ్ళను చూసొద్దాం. పాపం, వాళ్ళెట్లున్నరో ఎవ్వరన్న అడిగిన్రా?"

నేను నవ్వులాట అనుకున్నాను. ఆయన అప్పటికే బస్సులు లెక్కవేస్తున్నాడు. రక్తపరీక్ష చేయించి డాక్టరుకు ఫోన్ చేశాను. పోవచ్చు, కానీ జనంలో ఎక్కువసేపు ఉండొద్దు, కాచిన నీళ్ళే తాగాలి, జ్వరం వస్తే ఎక్కడున్నా వెంటనే రావాలి అన్నాడు. బుధవారం ఎట్లాగూ నాలుగో విడత మందు ఉంది. అంతలోపు తిరిగి రావాలి.

శనివారం ఉదయం ఆరున్నరకు గద్వాల బస్టాండులో పెబ్బేరు బస్సు ఎక్కాం. నేను, ఆయన, స్వప్న, అత్తమ్మ. సంచిలో జొన్నరొట్టెలు, పల్లీల పొడి, రెండు సీసాల కాచిన నీళ్ళు, థర్మామీటరు. ఆయన తల మీద రుమాలు చుట్టుకుని, మూతికి ఇంకో రుమాలు కట్టుకున్నాడు. కండక్టర్ టికెట్లు కొడుతూ, "ఏంది పెద్దమనిషీ, బస్సు దోచుకపోతవా ఏంది?" అన్నాడు. "నీ సంచిల ఏముందని దోచాలె? అన్ని చిల్లర పైసలే గదా," అని మా ఆయన. అందరూ నవ్వారు. ఆ నవ్వులో జాలి లేదు. చాలా రోజులకు అట్లాంటి నవ్వు విన్నాను.

దారిలో బీచుపల్లి దగ్గర దిగాం. అది అత్తమ్మ పని. రోగం సంగతి తెలిసిన రోజే ఆమె ఆంజనేయస్వామికి కొడుకు తలనీలాలు మొక్కుకుంది. ఆ మాట మాకు చెప్పడానికి జంకి దాచుకుంది. ఆమె చెప్పేసరికి రెండో విడత మందుకే ఆయన తల నున్నగా అయిపోయింది.

కృష్ణ ఒడ్డున, తలనీలాలు తీసేచోట మా ఆయన రుమాలు విప్పి కూర్చున్నాడు. మంగలాయన కత్తి పట్టుకుని ఆయన తల వైపు, మా వైపు మార్చి మార్చి చూశాడు.

"దీని మీద నేనేం తియ్యాలె సామీ?"

"గదే మా అమ్మకు చెప్పు," అన్నాడు మా ఆయన.

అత్తమ్మకు నవ్వు రాలేదు. "మొక్కిన మాట తప్పినట్టు గాదా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గుళ్ళో పూజారిని అడిగాం. ఆయన నెమ్మదిగా, "జుట్టు వచ్చినాకనే ఇద్దువు గానీ అమ్మా. స్వామికి తొందరేముంది?" అన్నాడు. అత్తమ్మ గర్భగుడి వైపు తిరిగి, పక్కింటావిడతో మాట్లాడినట్టు, "అట్లయితే వచ్చే ఎండకాలం తోలుకొస్త సామీ," అంది.

ఆ ఎండాకాలమంతా మా ఇంట్లో 'వచ్చే ఏడు' అన్న మాట ఎవరం పైకి అనలేదు. ఆమె అంత మామూలుగా అనేసింది. నేను చెప్పులు వెతుక్కునే నెపంతో వెనకే ఉండిపోయి కళ్ళు తుడుచుకున్నాను.

పెబ్బేరు చేరేసరికి తొమ్మిదిన్నర. శనివారం సంత. రోడ్డు దాకా ఎడ్లే. అత్తమ్మ తమ్ముడు బాలయ్య మామ ఎడ్ల బేరగాడు, ఆ రోజు సంతలో తప్ప ఇంట్లో దొరకడు. ఈయన మా ఇంటికి వచ్చినప్పుడు గడపలోనే కూలబడి పొద్దుగూకేదాకా ఏడ్చాడు. ఓదార్చలేక ఓదార్చలేక రోగి లేచి మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది.

జనంలోకి వద్దని నేను పట్టుబట్టి సంత అంచునే ఒక కానుగ చెట్టు నీడలో నిలబెట్టాను. స్వప్న పోయి మామను తీసుకొచ్చింది. దూరం నుంచి మమ్మల్ని చూస్తూనే మామ ముఖం ముడుచుకుపోయింది. "అల్లుడా..." అని గొంతెత్తబోయాడు. మా ఆయన చప్పున భుజం మీది తువ్వాల తీసి మామ చేతి మీద కప్పి, సంతలో బేరగాళ్ళు చేసినట్టు, కింద నుంచి వేళ్ళు పట్టుకున్నాడు.

"ఆ తెల్లెద్దు నీదేనా? ఎంతకిస్తవ్ మామా?"

మామ ఏడుపు ఆగిపోయింది. అలవాటు అట్లాంటిది మరి. ధర చెప్తూ తువ్వాల కింద మామ వేళ్ళు కదిలాయి. మా ఆయన తల అడ్డంగా ఊపి తన వేళ్ళతో తక్కువ ధర నొక్కాడు. చుట్టూ నలుగురు మూగారు. ఇంకోసారి, ఇంకోసారి. చివరికి మామ తువ్వాల విసిరికొట్టి, "గంత అగ్గువకా? రోగమొచ్చిందని ఎద్దును ఊరికెనే ఇస్తర్రా నీకు?" అని అరిచాడు. అని, నాలుక్కరుచుకున్నాడు. మా ఆయన నవ్వి నవ్వి ఆ చెట్టు మొదట్లోనే కూర్చున్నాడు. మామ కూడా నవ్వాడు. తర్వాత హోటలు దాకా తీసుకుపోయి మా అందరికీ ఇడ్లీలు పెట్టించాడు. మేము బస్సెక్కేదాకా మళ్ళీ ఏడవలేదు.

వనపర్తిలో మా ఆడపడుచు పద్మ ఇల్లు. ఆమె భర్త లారీ డ్రైవరు, ఆ వారం ఊళ్ళో లేడు. నిజం చెప్పాలంటే పద్మ మీద నాకు కొంచెం కోపం ఉండేది. ఒకే ఒక్క అన్న. ఎండాకాలమంతా ఒక్కసారి వచ్చి, వాకిట్లోనే నిలబడి, గంటలో వెళ్ళిపోయింది.

ఆ రోజు అన్నం పెట్టింది, చాపలు పరిచింది, నీళ్ళు తోడిపెట్టింది, కానీ ఎవరి పక్కనా కూర్చోలేదు. అంత ఎండలో కొంగు మెడ చుట్టూ బిగించుకుని తిరిగింది. "గీ ఉడుకుల మెడకు గుడ్డేందే?" అని అత్తమ్మ అడిగితే, "పన్ను నొస్తున్నది, గాలి తగుల్తదని," అని వంటింట్లోకి పోయింది.

సాయంత్రం అత్తమ్మ, స్వప్న బజారుకు పోయారు. మా ఆయన చెల్లెలిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. కొంగు పక్కకు జరిపి, డాక్టర్లు తనకు చూసినట్టే, చెవి కింద వేళ్ళు పెట్టి చూశాడు. చిన్న ఉసిరికాయంత ఉంది.

"ఎప్పటిసంది?"

"ఉగాదప్పటిసంది, అన్నా."

"ఎందుకు చెప్పలే?"

పద్మ అప్పుడు ఏడ్చింది. "నీకే గట్ల అయితుంటే నాకు గూడ అని అమ్మకెట్ల చెప్పాలె? నిన్ను చూస్తే భయమయితుండె. గందుకే రాలే."

నా కోపమంతా ఎటో పోయింది. దగ్గరికి తీసుకున్నాను. మా ఆయన ముఖం పాలిపోవడం నేను చూశాను. తనకు రోగమని విన్నప్పుడు కూడా అట్లా కాలేదు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"కర్నూల్ల ఏ కిటికీ కాడ చీటీ రాస్తరు, ఏ సిస్టర్ సూది నొప్పి లేకుంట ఏస్తది, యాడ చాయ్ మంచిగుంటది, అన్ని నాకు తెలుసు. బుధారం నాతోని రా. నేనుండంగ నీకేం పరేషాన్ లేదు."

అత్తమ్మకు మాత్రం పంటి డాక్టరు దగ్గరికని చెప్పాం.

ఆదివారం పొద్దున నాగర్‌కర్నూల్ బస్సు. మా శారదక్క ఆ ఊళ్ళోనే ఉంటుంది. మా కోసం డాబా మీది రేకుల గదిలో మంచం, ఉతికిన దుప్పటి, పక్కన గంజి సిద్ధం చేసి పెట్టింది. మా ఆయన గంజి వైపు చూసి, "వదినా, నేనేమన్న తప్పు చేసిన్నా?" అన్నాడు. మామిడికాయ పప్పు అడిగి రెండుసార్లు కలుపుకుని తిన్నాడు.

మధ్యాహ్నం రేకుల గదిలో నిద్రపోతున్న ఆయన ఒళ్ళు ముట్టుకుంటే కాలిపోతోంది. థర్మామీటరు వంద దగ్గర ఆగింది. బావ జీపు మాట్లాడడానికి పరుగెత్తాడు, అక్క దేవుడి పటం ముందు కూర్చుంది, స్వప్న గుడ్డ తడిపి తెచ్చింది. కర్నూలుకు ఫోన్ చేస్తే, ముందు చల్లటిచోటికి మార్చండి, అరగంటకు మళ్ళీ చూడండి, తగ్గకపోతే బయలుదేరండి అన్నారు. కింది గదిలోకి దింపి ఫ్యాను కింద పడుకోబెట్టాం. జీపు వచ్చి గుమ్మం ముందు ఆగేసరికి జ్వరం లేదు. అదంతా రేకుల వేడి. అయినా ఆ సాయంత్రం నేను మూడుసార్లు చూశాను, మర్నాడు ఇంకో నాలుగుసార్లు. తెప్పించిన జీపు ఊరికే పోనీయడమెందుకని బావ అందరినీ ఎక్కించుకుని ఊరంతా ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. మా ఆయన ముందు సీట్లో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

మంగళవారం సాయంత్రం వనపర్తి చేరి, బుధవారం తెల్లవారి ఆటోలో వనపర్తి రోడ్ స్టేషనుకు పోయి రైలెక్కాం. ఊరి నుంచి స్టేషను చాలా దూరం. ఈ దారిన వచ్చేవాళ్ళు ఆటో ముందురోజే మాట్లాడుకోవాలి. గద్వాలలో అత్తమ్మ, స్వప్న దిగారు. పద్మ, నేను, ఆయన కర్నూలు వరకు.

దవాఖానలో ఆయన అన్న మాట నిలబెట్టుకున్నాడు. చీటీ దగ్గర, డాక్టరు గది ముందు, గడ్డకు సూది పరీక్ష చేసేచోట చెల్లెలి పక్కనే నిలబడ్డాడు. "అన్నా, నువ్వు పోయి నీ మందు పెట్టించుకో," అని పద్మ బతిమిలాడితేనే కదిలాడు. డాక్టరు ఆయన మెడ నొక్కి చూసి, గడ్డలు బాగా కరిగాయి, ఇంకో రెండు విడతలు అయ్యాక చూద్దామన్నాడు. ఆ మాట ఆయన సరిగ్గా వినలేదు, చూపంతా గుమ్మం బయట ఉన్న పద్మ మీదే. ఆ రాత్రి ఎదురుగా ఉన్న లాడ్జిలో ఉన్నాం. ముగ్గురమూ నిద్రపోయినట్టు నటించాం.

మర్నాడు పదకొండింటికి ఫలితం వచ్చింది. క్యాన్సర్ కాదు. డాక్టరు పద్మను నోరు తెరవమని టార్చి వేసి చూసి, "ఈ పన్ను ఎన్నాళ్ళ నుంచి పుచ్చి ఉంది?" అని అడిగాడు. గడ్డ దాని వల్లే. అత్తమ్మకు మేము చెప్పిన అబద్ధం అబద్ధం కాకుండా పోయింది. మా ఆయన అక్కడే గోడకు ఆనుకుని, ఎవరేమనుకుంటారని చూడకుండా, గట్టిగా ఏడ్చాడు. తన కోసం ఒక్కసారీ ఏడవని మనిషి. ఏడుపు అయ్యాక పద్మను పంటి డాక్టరు దగ్గరికి నడిపించుకుపోయాడు.

సాయంత్రం రైల్లో ఇంటి దారి పట్టాం. కిటికీ పక్కన పద్మ, దవడ వాచిపోయి, నోట్లో దూది, ముఖానికి గుడ్డ. ఆమె పక్కన నేను. ఎదురుగా మా ఆయన. మందు పడిన మర్నాడు కాబట్టి కడుపులో తిప్పడం అప్పుడే మొదలైంది, అయినా కూర్చున్నాడు. అలంపూర్ రోడ్ స్టేషన్లో ఒక పెద్దామె జామకాయల గంపతో ఎక్కి ఆయన పక్కన కూర్చుంది. పద్మను చాలాసేపు చూసింది. తర్వాత మా ఆయన వైపు వంగి, వంటింటి గొంతుతో అడిగింది.

"పాపం, ఆమెకేమైందయ్యా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "నా చెల్లె. పన్ను పీకిన్రమ్మా."

"అయ్యో తల్లీ! జర మంచిగ చూసుకో నాయినా. నువ్వు గట్టిగున్నవు గాబట్టి సరిపోయింది."

గట్టిగున్నవు! ఆ ఎండాకాలం ఆయనతో ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. మా ఆయన రుమాలు సర్దుకుని, నిటారుగా కూర్చుని, "చూసుకుంటనమ్మా," అన్నాడు. గద్వాల వచ్చేదాకా వెనక్కి ఆనుకోలేదు.