మా అమ్మ విన్న పాపసంకీర్తనం

మా చిన్నప్పుడు మా అమ్మ ఒకసారి ఫాదర్‌గారి కుర్చీలో కూర్చుంది... ఆ రోజు గుడిలో నాకు తల కొట్టేసినట్లయింది.

రజాకార్ల రోజులు పోయిన కొత్త. ఊరు వదిలి నాంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. నాన్నకు స్టేషన్‌లో మూటలు మోసే పని.

మా ఊరి గుడి మా తాతలు మట్టి తొక్కి కట్టింది. నాలుగు గోడలు, పైన గూన పెంకులు, వాకిట్లో గుంజకు వేలాడే గంట... అంతే. పండగొస్తే అమ్మావాళ్లే పేడతో అలికేవాళ్లు. నెలలకోసారి ఫాదర్‌గారు బండి మీద వచ్చి చెట్టు కింద కూర్చుంటే, ఒక్కొక్కరే పక్కన మోకరించి పాపాలు చెప్పుకునేవారు. అదే పాపసంకీర్తనం.

ఆబిడ్స్‌ గుడి అట్లా కాదు... నున్నటి బండల నేల, మెడ నొప్పి పుట్టేంత ఎత్తున కప్పు, కిటికీలకు రంగుటద్దాలు, వరసగా బెంచీలు. ఒక మూలన బీరువాలాంటి చెక్క గది. మధ్యలో కుర్చీ, దాని ముందు సగం తలుపు, పైన పరదా. పక్కన మోకరించడానికి పలక, జల్లెడలాంటి కిటికీ. కుర్చీ ఫాదర్‌గారిదని మాకెవరు చెప్పారు?

పట్నంలో టాంగాలకు కూడా పరదాలు కట్టి ఆడవాళ్లను తీసుకుపోవడం అమ్మ చూసింది. క్రిస్మస్ ముందు పాపసంకీర్తనానికి వెళ్లినప్పుడు, "ఈడ ఆడోళ్లకు పరదా పెట్టిన్రు బిడ్డా, జర నిలబడు" అని నేరుగా లోపలికి పోయి కూర్చుంది!

ఫాదర్‌గారు ఇంకా రాలేదు. ఇంతలో బడిలో పాఠాలు చెప్పే ఒక టీచరమ్మ వచ్చి, పక్కన మోకరించి, కళ్లు మూసుకుని గుసగుసగా మొదలుపెట్టింది. తెలుగే... "తండ్రీ" అన్న మాట ఒక్కటే నాకు వినపడింది. కాసేపటికి ఆమె ఏడ్చింది.

అప్పుడొచ్చారు ఫాదర్‌గారు. తలుపు కింద వెండి కడియాలున్న కాళ్లు కనిపించాయి. ఆయన తలుపు తీశారు...

బెంచీల మీదివాళ్లు కిసుక్కున నవ్వారు. అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని బయటికొచ్చింది. ఆమెను చూసిన టీచరమ్మ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గబగబా వెళ్లిపోయింది. నాకైతే అమ్మ చెయ్యి పట్టుకోవడానికి కూడా సిగ్గేసింది.

ఫాదర్‌గారు విదేశీయుడు, ఆయనది పుస్తకాల తెలుగు. అమ్మను పక్కకు పిలిచి, "అమ్మా, అక్కడ విన్న మాట దేవునిది. ప్రాణము పోయినను చెప్పరాదు" అన్నారు. అమ్మ తల ఊపింది.

"నువ్వు ఫాదర్‌వు కాదని నడుమ చెప్పొచ్చు గదనే?" అని దారిలో కోప్పడ్డాను.

"ఏడ్సేటి మనిషిని నడుమ ఎట్ల ఆపుతరే?" అంది.

ఆ వార్త మాకంటే ముందే వాడకట్టుకు చేరింది. ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏం జెప్పిందే గామె? మాకు జెప్తే ఏం బోతది?" అని ఒకటే పోరు.

"గామె ఇంగ్లీషుల జెప్పింది అక్కా. నాకేం సమజైతది?" అంది అమ్మ.

పగలబడి నవ్వారు. కుళాయి దగ్గర అమ్మకు 'ఫాదరమ్మ' అని పేరు పెట్టారు. నాకు బిందె అక్కడే పడేసి పారిపోవాలనిపించేది. అమ్మ మాత్రం ఎడ్డి మొహం పెట్టుకుని నీళ్లు పట్టుకునేది. టీచరమ్మ చెప్పింది తెలుగులోనని నాకు తెలుసు... నేనూ నోరు విప్పలేదు.

టీచరమ్మ కొన్ని నెలలు గుడిలో కనపడలేదు. ఎవరి నోట ఏం వినాల్సి వస్తుందోనని భయపడి ఉంటుంది, పాపం. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాడు వచ్చింది. బెంచీలన్నీ దాటుకుని, వెనక నేల మీద కూర్చున్న మా అమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది.

ఆ రోజు విన్న మాట అమ్మతోనే పోయింది. నాన్నకు కూడా తెలియదు.

ఇప్పుడేముంది... పొద్దున ఒకరింట్లో ఏడుపు, మధ్యాహ్నానికి అందరి ఫోనుల్లో. నేనూ ఒకరి సంగతి ఇంకొకరికి పంపి, అమ్మ గుర్తొచ్చి సిగ్గుతో ఫోను బోర్లా పెట్టిన రోజులున్నాయి. మీ ఇళ్లల్లోనూ ఇట్లా ఒకరి మాట కడుపులో దాచుకున్న మనుషులు ఉండే ఉంటారు. వాళ్ల గురించి రాయండి... వాళ్లు దాచిన మాట మాత్రం రాయకండి.